1757 అంటే ప్లాసీ ఒక్కటేనా, మా నెల్లూరు కోటమిట్ట సంగతేంది

మాది జిరాక్స్, డీటీపీ షాపు. నెల్లూర్లో వీఆర్సీ సెంటర్‌కి దగ్గర్లో ఒక సందులో ఉండాది, పద్దెనిమిదేళ్ళ నించి. గ్రూప్ టూ అనో ఎస్సై అనో నోటిఫికేషన్ పడిందంటే చాలు, కావలి నించి ఆత్మకూరు నించి ఉదయగిరి నించి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలంతా నోట్సులు పట్టుకోని నా దగ్గరికే వస్తారు, జిరాక్స్ తీయించుకుంటారు, స్పైరల్ వేయించుకుంటారు, కొంతమంది చేత్తో రాసింది టైప్ చేసిమ్మంటారు. ఈ పద్దెనిమిదేళ్ళలో 1757 అనే అంకె నా చేతిమీదుగా ఎన్ని వేలసార్లు పోయిందో లెక్కలేదు. ఎవరి నోట్సు చూసినా ఒకటే లైను. 1757, ప్లాసీ యుద్ధం, క్లైవ్, సిరాజుద్దౌలా. ఆ కింద వెంటనే 1764 బక్సార్. అంతే, ఏడేళ్ళు దూకేసి పోతారు.

పోయిన నెల పొదలకూరు సైడ్ నించి ఒక అమ్మాయి వచ్చింది, పేజీలు సర్దిస్తా ఉంటే అడిగింది, అన్నా ఈ చరిత్రంతా బెంగాల్లోనూ ఢిల్లీలోనే జరిగిందా, మన సైడ్ అసలు ఏమీ జరగలేదా అని. ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది గానీ నాకు మాత్రం గుండెల్లో ఏదో కదిలినట్టయింది, ఎందుకంటే రెండేళ్ళుగా షాపు కట్టేసినాక రాత్రిళ్ళు నేను చదువుకుంటా ఉండేది సరిగ్గా ఆ సంవత్సరం గురించే. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు, రాసిపెడతా చదువుకో అమ్మా అన్నా. అందుకే ఇది.

ముందు మన లెక్క చెప్తా. 1757 అనేది వాళ్ళ లెక్క, మన పంచాంగం లెక్కలో ఉగాది దాకా ధాత, ఉగాది నించి ఈశ్వర. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది గదా, 1817, 1877, 1937, 1997. మా తమ్ముడి కూతురు పుట్టింది 1997లో, మా నాయన రాయించిన జాతకం కాగితం మీద శ్రీ ఈశ్వర నామ సంవత్సరం అని ఎర్ర ఇంకుతో ఇప్పటికీ ఉండాది. ఆ కాగితం చూసినప్పుడే నాకు తట్టింది, ఇదే పేరున్న ఏడు నాలుగు చుట్లు వెనక్కి పోతే సరిగ్గా 1757కి వస్తామని. ధాత అంటే మా సైడ్ పెద్దోళ్ళకి కరువు గుర్తొస్తుంది, 1876లో వచ్చిన ధాత కరువు, మా నాయనమ్మ వాళ్ళ అవ్వ నోట విన్న మాటలు మాకు చెప్పేది, గంజి కోసం జనం నడిచిపోయిన కథలు. దాని ముందు వచ్చిన ధాతలూ చల్లగా పోలా. 1757 జనవరి అంటే ఇంకా ఆ పాత ధాతే, ఆ నెల్లోనే బొబ్బిలి కాలిపోయింది.

బొబ్బిలి గురించి తెలుగోళ్ళకి కొత్తగా చెప్పాల్సింది లేదు, మా చిన్నప్పుడు తిరణాళ్ళలో బుర్రకథ చెప్పేవాళ్ళు, రాత్రి రెండింటిదాకా ఆడోళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకోని ఏడుస్తా కూర్చునేవాళ్ళు. అయితే తేదీ మాత్రం మనోళ్ళకి గుర్తుండదు, జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తెచ్చాడు, తెప్పించింది విజయనగరం విజయరామరాజు. కోట నిలవదని తెలిసినాక బొబ్బిలి రాజు రంగారాయుడి మనుషులు ఆడోళ్ళనీ పిల్లల్నీ శత్రువు చేతికి చిక్కనీయకుండా తమ చేతుల్తోనే చంపుకున్నారు, ఇళ్ళకి నిప్పు పెట్టుకున్నారు. అంతా అయిపోయినాక ఆ బూడిదలోంచి ఒక ముసలాయన ఒక పిల్లోడి చెయ్యి పట్టుకోని నడిచొచ్చి ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టాడంట, ఈ బిడ్డ రంగారాయుడి కొడుకు, తండ్రి మాట కాదని నేను దాచాను అని. నేను ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతా. రాజు ఆజ్ఞ మీరి ఒక పిల్లోణ్ణి బతికించుకున్న ఆ ముసలాయన పేరు మనకి తెలియదు. ఆ పిల్లోడే చిన్న రంగారావు, 1794లో విజయనగరం రాజు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలో ఓడిన పద్మనాభం యుద్ధం అయినాక గానీ బొబ్బిలి మళ్ళీ వాళ్ళ చేతికి రాలా, అంటే ముప్పై ఏడేళ్ళు. తాండ్ర పాపారాయుడు మూడో రాత్రి గుడారంలోకి దూరి విజయరామరాజుని పొడిచి చంపిన సంగతి అందరూ చెప్తారు, ఆ ముసలాయన సంగతి మాత్రం తక్కువమంది చెప్తారు.

విజయరామరాజు చావుని మాత్రం గుర్తుపెట్టుకోండి, నెల్లూరు సంగతి అయినాక మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

అదే జనవరిలో ఉత్తరాన కూడా మంటలే. 2వ తేదీన క్లైవూ అడ్మిరల్ వాట్సనూ కలకత్తా తిరిగి పట్టుకున్నారు, నెలాఖర్లో ఆఫ్ఘన్ రాజు అహ్మద్ షా అబ్దాలీ ఢిల్లీలో దిగి ఊరు ఊరంతా దోచుకున్నాడు, అక్కణ్ణించి అతని సైన్యం మధుర దాకా పోయి జనాన్ని ఊచకోత కోసింది. వాటి గురించి పెద్ద పెద్దోళ్ళు రాశారు, నేను ఇక మా ఊరికొస్తా.

అప్పట్లో నెల్లూరు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేది. నవాబు మహమ్మద్ అలీ, ఆయన తమ్ముడు నజీబుల్లా ఖాన్ నెల్లూరుకి అధికారి. అన్న నెత్తిమీద ఇంగ్లీషోళ్ళ అప్పు కొండలాగా పేరుకోనుంది, ఆయన కోసం చేసిన యుద్ధాల ఖర్చంతా కంపెనీ ఆయన ఖాతాలోనే రాసింది మరి. ఆ అప్పు తీరాలంటే అన్ని సీమల నించీ శిస్తు గట్టిగా రాబట్టాల. నెల్లూరు శిస్తు తమ్ముడు ఇవ్వనన్నాడు, ఎదురు తిరిగాడు. మద్రాసు నించి కల్నల్ ఫోర్డ్ అనే ఆయన సైన్యం తీసుకోని నెల్లూరు మీదికి బయల్దేరాడు. మే నెల మొదట్లో కోట గోడ మీద ఫిరంగులు పేలినాయి.

మే మొదట్లో నెల్లూరంటే ఏంటో ఇక్కడోళ్ళకి చెప్పక్కర్లా, కత్తెర ఎండలు మొదలయ్యే రోజులు. ఇప్పుడే పదకొండు దాటితే ట్రంకు రోడ్డు మీద మనిషి కనపడడు, పెన్నలో ఇసక మీద కాలు పెట్టలేం. ఆ ఎండలో, ఉన్ని కోట్లు వేసుకోని ఫిరంగులు లాగిన వాళ్ళనీ, గోడ మీద నిలబడి కాపలా కాసిన వాళ్ళనీ తలుచుకుంటే ఇద్దరి మీదా జాలేస్తుంది.

ఇప్పుడు ఆ గోడ గురించి చెప్తా, నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. రాబర్ట్ ఓర్మ్ అని అప్పట్లో మద్రాసు కౌన్సిల్లో ఉండిన మనిషి దీన్నంతా వివరంగా రాసిపెట్టాడు. ఊరు తూర్పు నించి పడమరకి దగ్గర దగ్గర 1200 గజాలు, ఇటు 600 గజాలు. అంటే కిలోమీటరు పైచిలుకు పొడుగు, అరకిలోమీటరు వెడల్పు, అదీ ఆనాటి నెల్లూరు. చుట్టూ గోడ, రాతి గోడ కాదు, మట్టి గోడ. రాయి వాడింది తలవాకిలికీ కొన్ని బురుజులకీ మాత్రమే. గోడ మీద ఆరడుగుల పిట్టగోడ, ఆ పిట్టగోడలో తుపాకులు పెట్టి కాల్చడానికి వరసగా కంతలు. ఆ కంతలు ఎట్టా చేశారంటే, గోడ పెట్టేటప్పుడే, మట్టి ఇంకా పచ్చిగా ఉండంగానే, కుమ్మరి కాల్చిన మట్టి గొట్టాలు అడ్డంగా పెట్టేసి వాటి మీద మళ్ళీ మట్టి వేస్తా పొయ్యారు. ఆరినాక గొట్టమూ గోడా ఒకటైపోతాయి. తొలిచే పని లేదు, కంత చుట్టూ మట్టి రాలే భయం లేదు.

ఇది చదవంగానే నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కళ్ళ ముందుకొచ్చింది, కావలికి పడమట ఒక పల్లె. ఆ ఇంటి వెనక పశువుల కొట్టానికి మట్టిగోడే. మా మామ గోడ పెట్టేది నేను చూశా, ఎర్రమట్టిలో వరిగడ్డి కలిపి, నీళ్ళు పోసి, రెండు రోజులు నాననిచ్చి, కాళ్ళతో తొక్కి తొక్కి ముద్ద చేసి ఒక వరస పెడతారు, మూర ఎత్తు. అది ఆరిందాకా పైన ఇంకో వరస పెట్టకూడదు, తొందరపడితే మొత్తం జారిపోతుంది. గాలి రావాలని ఆ గోడలో ఒకచోట పగిలిన కుండ మెడ పెట్టాడు మా మామ, పచ్చి మట్టిలో, ఓర్మ్ రాసింది అక్షరాలా అదే పని. నేను చిన్నప్పుడు ఆ కుండ మెడలోంచి చెయ్యి పెట్టి అవతల ఉన్న దూడ ముట్టె తడిమేవాణ్ణి. నెల్లూరు కోట పిట్టగోడలో గొట్టాలు పెట్టిన మనిషికీ మా మామకీ మధ్య రెండువందల ఏళ్ళు ఉండాయి గానీ చేతుల్లో పని మాత్రం ఒకటే.

మట్టిగోడకి ఇంకో గుణం ఉంది. రాతిగోడకి ఫిరంగి గుండు తగిలితే రాళ్ళు పగిలి ఎగిరి లోపలున్న మనుషులకే తగులుతాయి, ఒక రాయి కదిలితే పక్కది వదులవుతుంది. మట్టిగోడ గుండుని మింగేస్తుంది. మట్టి రాలుతుంది, గుంత పడుతుంది, అంతే. ఫోర్డ్ మనుషులు గోడకి గండి కొట్టారు, ఆ గండిలోంచి ఎగబాకి ఊళ్ళోకి దూరాలని చూశారు. చెరువుకి గండి పడితే మన ఊళ్ళల్లో జనమంతా తట్టలెత్తుకోని ఎట్టా పరిగెత్తుతారో ఆ రోజు ఈ గండి దగ్గరికి కూడా లోపలోళ్ళు అట్టాగే వచ్చి ఉంటారని నేను అనుకుంటా. గండి దాటలేకపొయ్యారు. దాడి విఫలమైంది, ఫోర్డ్ ఊరు పట్టకుండానే వెనక్కి పోవాల్సొచ్చింది. అదే మే నెలలో ఫ్రెంచోళ్ళు తిరుచినాపల్లి మీదికి పొయ్యారు, మద్రాసుకి తన సైన్యం తనకే కావాల్సొచ్చింది.

ఇది నేను నజీబుల్లాని మెచ్చుకోడానికి చెప్పడం లా. అన్నదమ్ముల గొడవ, డబ్బు గొడవ, రెండు పక్కలా శిస్తు కట్టింది మన రైతులే. నేను చెప్పేది గోడ గురించి, దాన్ని తొక్కి పెట్టిన వాళ్ళ గురించి. ప్లాసీకి నెలన్నర ముందు కంపెనీ సైన్యం మన నెల్లూరు మట్టిగోడ ముందు ఓడి తిరిగిపోయింది. ఈ ఒక్క లైను ఏ నోట్సులోనూ లేదు.

తర్వాత జూన్ 23న ప్లాసీ. అందరికీ తెలిసిందే, మామిడితోట, వానకి తడిసిన నవాబు మందుగుండు, కదలకుండా నిలబడిపోయిన మీర్ జాఫర్. తెలుగోళ్ళకి దాంట్లో ఒక సంగతి ఉంది, క్లైవ్ మద్రాసు నించి పట్టుకుపోయిన సిపాయిలు. మన దక్షిణాది సిపాయిల్ని చూసే బెంగాల్లో, హిందుస్తానంలో కంపెనీ సిపాయిని తెలింగా అని పిలవడం అలవాటైంది, తర్వాత తర్వాత బీహారు మనిషి ఆ యూనిఫాం వేసుకున్నా అతన్నీ తెలింగా అనే అన్నారు. మన జాతి పేరు అక్కడ ఒక ఉద్యోగం పేరైపోయింది. మన వైపు నించి ఎంతమంది పొయ్యారో, వాళ్ళలో ఎంతమంది తిరిగి గోదారినో పెన్ననో చూశారో, ఇది నన్ను చానా రోజులు నిద్రపోనీయలా.

బెంగాల్లో కంపెనీ గెలిచిన ఆ జూన్ నెలాఖర్లోనే ఇక్కడ విశాఖపట్నంలో వాళ్ళ కోటని బుస్సీ పట్టేసుకున్నాడు. ఇప్పుడంటే ఫోన్లో క్షణంలో తెలిసిపోతుంది, అప్పుడు కలకత్తాలో సంబరం చేసుకునేవాళ్ళకి విశాఖ పోయిందని తెలియదు, విశాఖలో ఆయుధాలు అప్పగించినవాళ్ళకి ప్లాసీ గెలిచారని తెలియదు.

సెప్టెంబర్లో మన పెన్న ఎగువన ఇంకోటి. మరాఠాలు కడప మీద పడ్డారు, కడప నవాబు ఆ యుద్ధంలోనే చనిపొయ్యాడు. సోమశిల దాకా వచ్చే నీళ్ళన్నీ ఆ సీమ దాటి వచ్చేవే గదా, మే నెలలో దిగువన నెల్లూరు, సెప్టెంబర్లో ఎగువన కడప. ఒకే ఏరు పొడుగునా ఒకే ఏడాదిలో రెండు యుద్ధాలు.

ఆ ఏడు పుట్టినోళ్ళూ చనిపోయినోళ్ళూ కూడా ఉండాలి గదా అంటారు పరీక్షల పిల్లలు, బిట్లకి పనికొస్తాయని. బయటి దేశాల్లో ఫ్రెంచి సేనాని లఫాయెట్ సెప్టెంబరు 6న, ఇంగ్లీషు కవి విలియం బ్లేక్ నవంబరు 28న పుట్టారు, సంగీతం రాసిన స్కార్లట్టి జులై 23న చనిపొయ్యాడు, క్లైవ్‌తో కలిసి కలకత్తా పట్టిన అడ్మిరల్ వాట్సన్ ఆగస్టు 16న ఆ కలకత్తాలోనే జబ్బుచేసి పొయ్యాడు. స్కాట్లండ్‌లో ఒక గొర్రెల కాపరి ఇంట్లో ఆగస్టు 9న థామస్ టెల్ఫర్డ్ పుట్టాడు, పుట్టిన కొన్ని నెలలకే తండ్రి పొయ్యాడు, రాళ్ళు చెక్కే పనిలో చేరి చివరికి మెనై జలసంధి మీద వేలాడే వంతెన కట్టాడు, 1826లో. తండ్రి లేని పిల్లలు పెద్ద పనులు చెయ్యడం నాకు ఎప్పుడూ బలం ఇస్తుంది, నేనూ అట్టా పెరిగినవాణ్ణే, మా నాయన అంటున్నా గానీ నన్ను పెంచింది మా చిన్నాయన.

అయితే ఆ ఏడు పోయినోళ్ళలో నాకు దగ్గరివాడు ఒకడున్నాడు, రెయోమ్యూర్ అని ఫ్రాన్సు మనిషి. అక్టోబరు 17న చనిపొయ్యాడు, గుర్రం మీదనించి పడి. థర్మామీటరు కొలత ఒకటి ఆయన పేరు మీద ఉంది, నీళ్ళు గడ్డకట్టేది సున్నా, మరిగేది ఎనభై, ఆ లెక్కలో మన నెల్లూరు 45 డిగ్రీల ఎండ 36 అవుతుంది. నాకు దగ్గరివాడు అంది మాత్రం దానికి కాదు. అప్పట్లో కాయితం పాతగుడ్డల్తో చేసేవాళ్ళు, చింకి గుడ్డలు ఏరి, నానబెట్టి, దంచి. గుడ్డలు చాలక కాయితానికి కరువు. ఈయన కందిరీగల గూడు చూశాడు. కందిరీగ ఎండు కట్టె మీద వాలి, పీచు గీకి, నమిలి, ఎంగిలితో కలిపి పల్చగా పరిస్తే అది ఆరి గట్టి రేకవుతుంది, అదీ దాని గూడు, చేత్తో పట్టుకుంటే అచ్చం కాయితమే. ఈ పురుగు గుడ్డల్లేకుండా చెట్టుతోనే కాయితం చేస్తా ఉందే, మనమెందుకు చెయ్యకూడదు అని 1719లోనే వాళ్ళ అకాడమీలో చెప్పాడు. ఆయన బతికుండంగా ఎవరూ చెయ్యలా, తర్వాత వందేళ్ళకి పైన పట్టింది కట్టె గుజ్జుతో కాయితం మామూలవడానికి.

మా షాపు షట్టర్ పైమూల ప్రతి ఎండాకాలం కందిరీగలు గూడు పెడతాయి. పిల్లోళ్ళని కుడతాయని నేను కర్ర పెట్టి దులిపేవాణ్ణి. ఇది చదివినాక ఒక ఖాళీ గూడు జాగ్రత్తగా ఊడదీసి చూశా. బూడిద రంగు, మధ్యలో కొంచెం గోధుమ చారలు, ఏ చెక్క గీకితే ఆ రంగు. వేళ్ళతో నలిపితే ఏ4 చించినప్పుడు వచ్చే చప్పుడే, రొంత మెత్తగా. ఇప్పుడు దాన్ని కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నా, అడిగినోళ్ళకల్లా చెప్తా. రోజుకి మూడు రీములు నా చేతిమీద పోతాయి, ఆ పొట్టకూటికి దారి చూపించిన మనిషి పోయిన ఏడు మన నెల్లూరు గోడ నిలబడిన ఏడే.

మళ్ళీ ఫోర్డ్ దగ్గరికొస్తా, విజయరామరాజు చావు గుర్తుపెట్టుకోమన్నా గదా. ఆయన తర్వాత విజయనగరం గద్దెక్కిన ఆనందరాజుకి బుస్సీ మీద కోపం. 1758లో ఫ్రెంచోళ్ళ చేతిలోంచి విశాఖ లాక్కోని, సాయం చెయ్యమని కలకత్తాలో క్లైవ్‌కి కబురుపెట్టాడు. క్లైవ్ ఎవర్ని పంపాడు? నెల్లూరు గోడ దగ్గర ఓడి తిరిగిపోయిన ఈ ఫోర్డ్‌నే. ఆయన డిసెంబరు 9న పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచోళ్ళని ఓడించాడు, 1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోట మీద పడ్డాడు, చిక్కిన ఖైదీలు ఈయన సైనికుల కంటే ఎక్కువమంది. ఆ దెబ్బతో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ బందరు సీమ ఇంగ్లీషోళ్ళకి రాసిచ్చాడు, కోస్తా తెలుగు నేల మీద వాళ్ళ కాలు అక్కడ గట్టిపడింది. నెల్లూరు సైతం చివరికి ఆగలేదు, 1801లో ఆర్కాటు నవాబు నించి పూర్తిగా కంపెనీ చేతికి పోయింది. బొబ్బిలి నించి విజయరామరాజు గుడారం, అక్కణ్ణించి విశాఖ, చందుర్తి, బందరు, ఇదంతా ఒకే తాడు, ఆ తాడుకి మన నెల్లూరు కూడా ముడిపడి ఉంది ఈ ఫోర్డ్ వల్ల. పిల్లలు దీన్ని ఐదు వేరే వేరే బిట్లుగా చదువుతా ఉండారు.

ఫోర్డ్ తర్వాత 1769లో కంపెనీ పంపిన ముగ్గురు అధికారుల్లో ఒకడిగా మళ్ళీ ఇండియాకి బయల్దేరాడు, అరోరా అనే ఓడలో. డిసెంబర్లో ఆఫ్రికా కొస నించి కదిలిన ఆ ఓడ మళ్ళీ ఎవరికీ కనపళ్ళా. చందుర్తి, బందరు గెలిచిన మనిషికి సమాధి కూడా లేదు.

మొన్న ఆ అమ్మాయి బైండింగ్ కోసం వచ్చింది. ఇదంతా ఒక షీటు మీద చిన్న అక్షరాల్తో టైప్ చేసి, 1757 ఉన్న పేజీ పక్కనే పెట్టి స్పైరల్ వేసిచ్చా, డబ్బులు తీసుకోలా. నిలబడే చదివింది మొత్తం. చదివి, ఆ గోడ ఇప్పుడు యాడుందన్నా అని అడిగింది. గోడ లేదమ్మా, పేరుంది, కోటమిట్ట అనే అంటాం ఇప్పటికీ, అక్కడ దిగి ఆ సందుల్లో నడిచిరా, మిట్ట యాడ మొదలవుతుందో నీ కాళ్ళకే తెలుస్తుంది అన్నా. బస్సుకి ఇంకా గంటన్నర టైముందంటే ఆటో మాట్లాడి ఎక్కించా.